కోత చిన్నదైనా కోలుకునే హక్కు చిన్నది కాదు

(మహిళల ఆరోగ్యంపై జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పురుషులు కూడా రావాలని మేము పట్టుబట్టినప్పుడు కొందరు పెద్దలు ఇబ్బంది పడ్డారు. గర్భసంచి, అండాశయం, రక్తస్రావం వంటి మాటలను మగవారి ముందు ఎలా పలకడమని అడిగారు. వారి బిడియాన్ని మేము గౌరవిస్తాము. అయితే ఆపరేషన్ జరిగేది స్త్రీకే అయినా, ఆమె ఎన్నాళ్లు పడుకోవాలో, ఎప్పుడు పొయ్యి ముందుకు రావాలో, జ్వరం వస్తే రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకుపోవాలో తెల్లవారేదాకా చూడాలో నిర్ణయించేది మన ఇళ్లలో ఎక్కువగా భర్త, అత్తగారు, పెద్ద కొడుకు. నిర్ణయించేవారికి విషయం తెలియకపోతే నష్టపోయేది ఆమె. అందుకే పరదాకు రెండు వైపులా కూర్చున్నవారికీ ఒకే మాట చెప్పదలిచాము.

మేము వైద్యులం కాము. ఆసుపత్రికి వెళ్లే సోదరీమణులకు తోడుగా వెళతాము. కాగితాలు చదివి పెడతాము. ఉర్దూ తప్ప మరో భాష రాని తల్లులకు డాక్టరు మాటను విడమరచి చెబుతాము. ఇంటికి చేరాక వారం పది రోజులు వెళ్లి పలకరించి వస్తాము. ఈ పనిలో మాకు పదే పదే ఎదురైన ఒక అనుభవమే ఈ ప్రసంగానికి కారణం. పొట్ట మీద పెద్ద కోత పెట్టి ఆపరేషన్ చేసిన స్త్రీని ఇంటిల్లిపాదీ రోగిగా చూస్తారు. అదే ఆపరేషన్ కీహోల్ పద్ధతిలో, అంటే ల్యాప్రోస్కోపీ ద్వారా జరిగితే మూడో రోజుకే ఆమెను ఆరోగ్యవంతురాలిగా లెక్కగడతారు. పైకి చూపించడానికి ఆమె దగ్గర గాయం లేదు మరి.

ఒక ఇంటికి మేము వెళ్లేసరికి, గర్భసంచి తీయించుకున్న సోదరి అయిదో రోజున పెద్ద డేగ్చీ దించుతూ కనిపించింది. ఆ రోజు శుక్రవారం, బంధువులు వచ్చారు. అత్తగారు చెడ్డ మనిషి కాదు. కోడలికి పాలు, ఖర్జూరాలు తానే స్వయంగా అందిస్తున్నది. "నాలుగు కుట్లే కదమ్మా, అవి కూడా వేలెడంత లేవు" అన్నది. ఆ రాత్రే ఆ సోదరికి రక్తస్రావం ఎక్కువై మళ్లీ ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. అల్హమ్దులిల్లాహ్, కోలుకున్నది. తర్వాత ఆ అత్తగారు మాతో అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తున్నది. "నా ముగ్గురు కోడళ్లకూ పురుడుకు నలభై రోజుల చిల్లా నేనే దగ్గరుండి చేయించాను. దీనికి కూడా అట్లాంటి విశ్రాంతి కావాలని ఒక్కరూ చెప్పలేదు."

ఆమె చెప్పింది నిజమే. బాలింతకు ఏం పెట్టాలో, ఎన్నాళ్లు బరువు ఎత్తనివ్వకూడదో మన నానీలు, దాదీలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. కీహోల్ ఆపరేషన్‌కు అలాంటి సంప్రదాయం ఇంకా ఏర్పడలేదు. ఆ లోటును ఆసుపత్రి తీర్చాలి. డిశ్చార్జి రోజున బిల్లుల హడావుడిలో, మంచం ఖాళీ చేయించే తొందరలో ఆ నాలుగు మాటలు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఒక మందుల చీటీ, "పది రోజుల తర్వాత రండి" అనే మాట తప్ప మరేమీ చేతికందదు.

ముందుగా ఆ ఆపరేషన్ ఏమిటో తెలుసుకుందాము. పూర్తి మత్తు ఇచ్చిన తర్వాత బొడ్డు దగ్గర సుమారు ఒక సెంటీమీటరు గాటు పెడతారు. దాని గుండా కార్బన్ డయాక్సైడ్ వాయువును పంపి పొట్టను ఉబ్బిస్తారు. లోపలి అవయవాలు ఒకదానికొకటి అంటుకోకుండా స్పష్టంగా కనబడడానికి అలా చేస్తారు. చివర దీపమూ కెమెరా అమర్చిన సన్నని గొట్టాన్ని అదే గాటులోంచి లోపలికి దించి తెరమీద చూస్తారు. అవసరాన్ని బట్టి కింది పొట్టలో మరో రెండు మూడు చోట్ల ఇంకా చిన్న గాట్లు పెట్టి పనిముట్లను పంపుతారు. పిల్లలు కలగనప్పుడు కారణం వెతకడానికీ ఇదే దారి. అండాశయం మీద తిత్తిని తీయడానికీ, నాళంలో నిలిచిన గర్భాన్ని తొలగించడానికీ, ఎండోమెట్రియోసిస్‌కు చికిత్స చేయడానికీ, చివరికి గర్భసంచినే తీసివేయడానికీ ఇదే దారి. గుమ్మం ఇరుకైనదని ఇంట్లో జరిగిన పని చిన్నదని అనుకోలేము కదా. ఈ పద్ధతిలో నొప్పి తక్కువ, రక్త నష్టం తక్కువ, ఆసుపత్రిలో ఉండే రోజులు తక్కువ. ఇది నిజంగా మేలైన పద్ధతి, దీన్ని చూసి భయపడవద్దు. లోపల కోసి కుట్టిన భాగం మానడానికి పట్టే కాలం మాత్రం పైన గాటు చిన్నదైనంత మాత్రాన తగ్గిపోదు.

ఒక చిన్న ప్రస్తావన. శస్త్రచికిత్స పనిముట్లను బొమ్మలతో సహా వివరించిన అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ వెయ్యేళ్ల క్రితం అందలూసియాలోని ఖుర్తుబా నగరానికి చెందినవారు. 30 భాగాల తన గ్రంథం 'అత్తస్రీఫ్'లో చివరి భాగాన్ని ఆయన పూర్తిగా శస్త్రచికిత్సకే కేటాయించారు. స్త్రీ రోగి విషయంలో నేర్పరి అయిన మంత్రసాని సాయం తీసుకోవాలని అందులో రాశారు. స్త్రీ గౌరవమూ ఆమె వైద్యమూ ఒకదానికొకటి అడ్డు కాకూడదన్న ఆలోచన మన వారసత్వంలోనే ఉన్నది. బిడియం పేరుతో వైద్యాన్ని వాయిదా వేసే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో మనమే ఆలోచించుకోవాలి.

ఇక మెలకువ వచ్చినప్పటి నుంచి మొదలుపెడదాము. గొంతు గరగరలాడుతుంది, ఎందుకంటే మత్తు ఇచ్చేటప్పుడు శ్వాస కోసం గొంతులో గొట్టం వేస్తారు. వికారం ఉండవచ్చు. మూత్రానికి గొట్టం అమర్చి ఉండవచ్చు. అది తీసిన తర్వాత మూత్రం ధారాళంగా వస్తున్నదో లేదో నర్సుకు చెప్పాలి, రాకుంటే దాచవద్దు. పొట్ట ఉబ్బరంగా, బిగదీసినట్లు ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టేది భుజం నొప్పి. పొట్టలో ఆపరేషన్ చేస్తే భుజం ఎందుకు నొస్తుందని ప్రతి ఇంట్లోనూ అడుగుతారు. లోపల మిగిలిపోయిన వాయువు ఊపిరితిత్తులకు కింద ఉండే డయాఫ్రమ్ అనే పొరను చికాకు పెడుతుంది. ఆ పొరకు వెళ్లే నరమూ భుజానికి వెళ్లే నరాలూ మెడ దగ్గర ఒకే చోట నుంచి బయలుదేరుతాయి. అందువల్ల బాధ భుజం కొనలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో శరీరం ఆ వాయువును పీల్చుకుంటుంది, నొప్పి తగ్గుతుంది. లేచి మెల్లగా నడవడం, డాక్టరు ఇచ్చిన నొప్పి మాత్ర వేళకు వేసుకోవడం, పుదీనా వేసిన వేడినీళ్లు తాగడం ఉపశమనం ఇస్తాయి. నొప్పి భరించరానంత పెరిగినా, ఛాతీలో నొప్పి, ఆయాసం తోడైనా మాత్రం ఇది గాలే అని ఊరుకోవద్దు.

నడక గురించి మరొక మాట. విశ్రాంతి అంటే దుప్పటి కప్పుకుని కదలకుండా పడి ఉండటమని మనవారి భావన. ఈ ఆపరేషన్ తర్వాత అది ప్రమాదం. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. మొదటి రోజునుంచే గదిలో నాలుగడుగులు వేయాలి. పడుకున్నప్పుడు పాదాలు ఆడించాలి. నడక వేరు, బరువు వేరు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండరు, బియ్యం మూట, డేగ్చీ, ఏడుస్తున్న మూడేళ్ల బిడ్డ, ఇవన్నీ బరువులే. బిడ్డను ఎవరైనా ఎత్తి ఆమె పక్కన కూర్చోబెట్టాలి. బీడీలు చుట్టే సోదరీమణులు చేట ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి వంగి కూర్చుంటారు. అది కూర్చుని చేసే పనే కదా అని మూడో రోజే చేట ముందు పెట్టకండి. పొట్ట మడత పడి ఉండే ఆ భంగిమ కుట్లను లాగుతుంది.

మొదటి రెండు మూడు రోజులు తేలికైన ఆహారం, ఎక్కువ నీళ్లు తీసుకోవాలి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది. మత్తు, నొప్పి మందులు, కదలిక తగ్గడం, ఇవన్నీ అందుకు కారణాలే. ముక్కి విసర్జించడం మంచిది కాదు. పండ్లు, కూరగాయలు, గంజి పెట్టండి. బలం రావాలని తొలిరోజే పాయా, నల్లీ తాగించే ప్రేమను కొంచెం ఆపుకోండి.

పై గాట్ల సంగతి తేలికే. చుట్టూ చర్మం కమిలినట్లు నీలంగా కనబడటం మామూలే. కట్టును ఎప్పుడు తీయాలో, ఎప్పటినుంచి నీళ్లు తగలనివ్వవచ్చో ఆసుపత్రి నుంచి బయలుదేరేముందే అడగండి. గాటు మీద పసుపు, సున్నం, బూడిద, నూనె ఏదీ పూయవద్దు.

ఇక్కడ తహారత్, నమాజుల ప్రశ్న వస్తుంది. మాకు ఎక్కువమంది గుసగుసగా అడిగేది ఇదే. గాయం మీద నీళ్లు పోయకూడదని వైద్యులు చెప్పినప్పుడు ఆ చోట కట్టు మీద తడిచేత్తో మసహ్ చేయడం, నీళ్లే హాని చేసే స్థితిలో తయమ్ముమ్ చేయడం షరీఅత్ ఇచ్చిన సౌలభ్యాలు. అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక సంఘటన ఉన్నది. ప్రయాణంలో తలకు గాయమైన ఒక మనిషి తనకు ఏదైనా మినహాయింపు ఉన్నదా అని తోటివారిని అడిగాడు. వారు లేదన్నారు. అతను స్నానం చేశాడు, ఆ గాయంతోనే మరణించాడు. ఈ విషయం విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. అతని చావుకు వారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు తెలిసినవారిని ఎందుకు అడగలేదని నిలదీశారు. ఇంట్లో కోడలికి గుసుల్ తప్పదని చెప్పేముందు ప్రతి పెద్దా గుర్తుకు తెచ్చుకోవలసిన సంఘటన ఇది.

నమాజు విషయంలోనూ అంతే. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి చేయవచ్చని ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అనారోగ్యంగా ఉన్నప్పుడు ప్రవక్త (స) తెలిపారు. సజ్దాకు వంగితే పొట్ట లాగుతున్నప్పుడు కుర్చీలో కూర్చుని సైగతో చేయడం బద్ధకం కాదు. ఆపరేషన్ తర్వాత కొద్దిపాటి రక్తస్రావం కనబడుతుంది. కేవలం పరీక్ష కోసం చేసిన ల్యాప్రోస్కోపీలో అది ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. గర్భసంచి తీసిన తర్వాత మరకల్లా కొన్ని వారాలు ఉండవచ్చు. గర్భసంచి తీసిన తర్వాత కనబడే రక్తాన్ని ఉలమాలు బహిష్టుగా పరిగణించరు. అందువల్ల ప్రతి నమాజు వేళకూ వుజూ చేసుకుని నమాజు చేయాలని చెబుతారు. ఇతర ఆపరేషన్ల విషయంలో తేదీలు, రోజుల లెక్క అవసరమవుతుంది కనుక ఆలిమ్‌ను అడగండి. నేరుగా అడగడానికి సిగ్గయితే ఆలిమాను అడగండి. ఈ రక్తానికి గుడ్డ, ప్యాడ్ మాత్రమే వాడాలి. లోపల పెట్టుకునేది ఏదీ వాడకూడదు. రమజాన్ నెల కలిసివస్తే రోగికి ఖుర్ఆన్ ఇచ్చిన మినహాయింపు మీకు తెలిసిందే. వేళకు వేయవలసిన మందులను, నీళ్లను మానుకుని ఉపవాసం పాటించి పడిపోయిన సోదరిని మేము చూశాము. ఆ రోజాలను ఆరోగ్యం కుదుటపడ్డాక పూర్తిచేసుకోవచ్చు.

ఎన్నాళ్లు అని అడుగుతారు. ఒకే సమాధానం లేదు. లోపల ఏం చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. చూసి మాత్రమే వదిలేస్తే నాలుగు రోజుల నుంచి వారంలో మామూలు పనులకు రావచ్చు. తిత్తి తీసినా, నాళంలోని గర్భం తీసినా రెండు మూడు వారాలు పడుతుంది. గర్భసంచి తీస్తే నాలుగు నుంచి ఆరు వారాలు, బరువుల విషయంలో పూర్తి ఆరు వారాలు ఆగాలి. రక్తహీనత ఉన్నవారికి, షుగరు ఉన్నవారికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. పదో రోజున హాయిగా లేచి తిరిగి, పదకొండో రోజున నీరసంతో కూలబడటం కూడా సహజమే. దాన్ని నటన అని ఎవరైనా అంటే మీరు ఆమె పక్షాన నిలబడండి.

భర్తలకు సూటిగా ఒక మాట చెబుతున్నాము. గర్భసంచి తీసినప్పుడు లోపల యోని పైభాగాన్ని కుట్టి మూస్తారు. ఆ కుట్లు బయటికి కనబడవు. అవి పూర్తిగా మానకముందు దాంపత్య సంబంధం జరిగితే కుట్లు తెగి ప్రాణాపాయం కలగవచ్చు. కనీసం ఆరు వారాలు ఆగి, డాక్టరు పరీక్షించి సరేనన్న తర్వాతే కలవాలి. మిగతా ఆపరేషన్ల తర్వాత ఎప్పుడన్నది డాక్టరును అడగండి. ఆమె అడగలేదు, అడిగే బాధ్యత మీదే.

మనసు సంగతి మన ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం మొదటి వారాల్లో తరచుగా కనబడతాయి. నాళంలో గర్భం నిలిచి ఆపరేషన్ అయిన స్త్రీ ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లి కూడా అని మరచిపోతాము. గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసివేస్తే ముట్లుడిగిన స్థితి ఒక్కరోజులో వచ్చిపడుతుంది. ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు, గుండె దడ మొదలవుతాయి. ఎముకలు బలహీనపడతాయి. దీన్ని నజర్ అని, నీడ పడిందని తిప్పుతూ నెలలు గడిపేసిన కుటుంబాలు ఉన్నాయి. దువా చేయండి. దానితో పాటు ఆమె అండాశయాలు ఉన్నాయో తీసివేశారో డిశ్చార్జి కాగితంలో చూసి, డాక్టరును కలిసి ఈ లక్షణాలు చెప్పండి. చికిత్స ఉన్నది.

ఇప్పుడు ఈ ప్రసంగంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగానికి వస్తున్నాము. పరీక్ష కోసం చేసే ల్యాప్రోస్కోపీలో తీవ్రమైన చిక్కు వచ్చేది సుమారు వెయ్యిమందిలో ఇద్దరికి. పెద్ద ఆపరేషన్లలో అది ఇంకొంచెం ఎక్కువ. పనిముట్టు పేగుకో మూత్రాశయానికో రక్తనాళానికో తగలడం ఆ చిక్కుల్లో ఒకటి. పేగుకు తగిలిన గాయం ఒక్కోసారి ఆపరేషన్ గదిలో కనబడదు. ఇంటికి వెళ్లిన రెండు మూడు రోజులకు, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. ఈ ఆపరేషన్ తర్వాత ప్రతిరోజూ ముందు రోజుకంటే మెరుగ్గా ఉండాలి. తగ్గవలసిన కడుపునొప్పి పెరుగుతూ పోతుంటే, జ్వరం, వాంతులు, ఆకలి చచ్చిపోవడం, పొట్ట గట్టిపడటం కనబడితే అది గ్యాస్ కాదు. సోడా తాగించి, వాము నమిలించి తెల్లవారేదాకా ఆగవద్దు. 108కు ఫోన్ చేయండి. ప్యాడ్ వెంట ప్యాడ్ తడిసిపోయే రక్తస్రావం, దుర్వాసన, మూత్రం రాకపోవడం లేదా మంట, గాటు చుట్టూ ఎర్రబడి చీము పట్టడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే వెళ్లాలి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి దూరమైతే దగ్గర ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లి, "ఇన్ని రోజుల క్రితం ల్యాప్రోస్కోపీ జరిగింది" అనే మాట మొట్టమొదట చెప్పండి. పైన గాటు చూసి వారు గుర్తుపట్టలేరు.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు ల్యాప్రోస్కోపీ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. కొద్ది రోజుల్లోనే వారిలో నలుగురు మరణించారు. మిగిలినవారిని హైదరాబాదులోని ఆసుపత్రులకు తరలించి చికిత్స చేయవలసి వచ్చింది. అంతకుముందు 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా శిబిరాల్లో ఆపరేషన్లు చేయించుకున్న 13 మంది చనిపోయారు. అలాంటి శిబిరాలను మూడేళ్లలో నిలిపివేయాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది కూడా. శాశ్వత ఆపరేషన్ గురించి ఉలమాల అభిప్రాయం అందరికీ తెలిసిందే, ఈనాటి చర్చ అది కాదు. అయితే ఎవరికీ చెప్పకుండా చేయించుకున్న సోదరి జ్వరం వస్తే కూడా నోరు విప్పలేని పరిస్థితి మన మహల్లాలలో ఉన్నది. దిద్దుబాటు మాటలు తర్వాత చెప్పుకోవచ్చు. ముందు ఆమె ప్రాణాన్ని కాపాడాలి.

కోలుకోవడం నిజానికి ఆపరేషన్‌కు ముందే, సంతకం దగ్గర మొదలవుతుంది. లోపల ఏం చేశారో తెలియని స్త్రీకి ఎన్నాళ్లు విశ్రాంతి కావాలో ఎలా తెలుస్తుంది? మేము చూసిన సమ్మతి పత్రాల్లో చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. సంతకం భర్తదో అన్నదో ఉంటుంది. పత్రంలో ఏముందో రోగికి ఎవరూ చదివి చెప్పరు. దీని గురించి 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి కుటుంబానికీ తెలియాలి. ఒక మహిళ పరీక్ష కోసం ల్యాప్రోస్కోపీకి మాత్రమే ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి అనుమతి తీసుకుని గర్భసంచిని, అండాశయాలను తీసివేశారు. ఆమెకు అప్పటికి 44 ఏళ్లు. ప్రాణాపాయ స్థితి ఏదీ లేదు. వయోజనురాలై, స్పృహలోకి వచ్చాక తానే నిర్ణయించుకోగల స్త్రీ విషయంలో తల్లి అనుమతి చెల్లదని, పరీక్షకు ఇచ్చిన సమ్మతి అవయవం తీసివేయడానికి ఇచ్చిన సమ్మతి కాదని న్యాయస్థానం తేల్చింది. పరిహారంగా 25 వేల రూపాయలు ఇప్పించింది. ఆ మొత్తం చాలా తక్కువేనని మా అభిప్రాయం. సూత్రం మాత్రం అమూల్యం. తల్లికే లేని అధికారం భర్తకూ లేదు. ప్రాణం పోయే అత్యవసర స్థితి మాత్రమే దీనికి మినహాయింపు.

తెలుగువారి ఇళ్లలో ఈ మాటకు ప్రత్యేకమైన బరువు ఉన్నది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. అవన్నీ కీహోల్ ద్వారా జరిగినవి కావు, అన్నీ అనవసరమైనవీ కావు. కానీ ఈ తేడా మామూలుది కాదు. అనవసర ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు రూపొందించింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో కూడా పర్యవేక్షణ కమిటీ ఉండాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ జిల్లాలో ఆ కమిటీ ఉన్నదా, ఎన్నిసార్లు కూర్చున్నది అని సమాచార హక్కు చట్టం కింద అడగడం మన కార్యకర్తలు రేపే చేయగల పని. తెల్లబట్ట అవుతున్నదనో, ఇక పిల్లలు వద్దు కదా అనో గర్భసంచి తీయిద్దామంటే రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని అమలు చేయాలని కేంద్రం 2019లో రాష్ట్రాలకు రాసింది. రెండో అభిప్రాయం తీసుకునే హక్కు, రికార్డులు పొందే హక్కు, మతం పేరిట వివక్ష లేకుండా వైద్యం పొందే హక్కు అందులో ఉన్నాయి. పురుష డాక్టరు పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ దగ్గర ఉండేలా కోరే హక్కు కూడా ఉన్నది. బుర్ఖా తీసి ఆపరేషన్ గౌను వేసుకోవాల్సి వస్తుంది. అది తప్పదు. కానీ తలకు టోపీ, గదిలోకి తీసుకువెళ్లేదాకా ఒక దుప్పటి అడిగితే ఇవ్వని ఆసుపత్రి మాకు ఇంతవరకు తారసపడలేదు. చాలామంది అడగరు, అంతే.

ఆసుపత్రి నుంచి బయలుదేరేముందు చేయవలసిన పని ఒకటున్నది. డిశ్చార్జి కాగితం చేతికి తీసుకుని, లోపల ఏమేం చేశారో, ఏమైనా తీసివేశారో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పించుకోండి. తీసిన తిత్తినిగానీ గర్భసంచినిగానీ బయాప్సీకి పంపుతారు. ఆ ఫలితం రావడానికి వారం పది రోజులు పడుతుంది. నొప్పి తగ్గిపోయింది కదా అని ఆ రిపోర్టు తెచ్చుకోని కుటుంబాలను లెక్కలేనన్ని చూశాము. క్యాన్సరు ఉన్నదీ లేనిదీ తెలిసేది ఆ ఒక్క కాగితంలోనే. ఉద్యోగం చేసే సోదరీమణులు మరో విషయం గమనించాలి. ప్రసూతి ప్రయోజన నిబంధనలు వర్తించే సంస్థల్లో ట్యూబెక్టమీ తర్వాత రెండు వారాలు వేతనంతో కూడిన సెలవు హక్కు. దాని వల్ల అనారోగ్యం వస్తే మరో నెల వరకు కూడా దొరుకుతుంది. ఇతర ఆపరేషన్లకు అనారోగ్య సెలవు పెట్టుకోవాలి. డాక్టరు దగ్గర ఎన్ని వారాలో స్పష్టంగా రాయించుకోండి, "విశ్రాంతి అవసరం" అన్న ఒక్క మాటతో సరిపెట్టనివ్వవద్దు. ఇళ్లలో పనిచేసే సోదరీమణులకు, బీడీలు చుట్టేవారికి, మిర్చి యార్డులో తొడిమలు తీసేవారికి అలాంటి కాగితం చూపించుకునే యజమాని లేడు. వారి ఇంటికి ఆ రెండు మూడు వారాలు సరుకులు చేర్చడం, వంటకు వంతులు వేసుకోవడం మహల్లా కమిటీ పని. పురుడుకు వంతులు వేసుకుంటున్న వీధులు మనకు ఉన్నాయి. ఆ జాబితాలోనే దీన్నీ చేర్చండి.

మా మాటలు ఇంతటితో అయిపోయాయి. అస్ర్‌కు ఇంకా అరగంట ఉన్నది. ప్రశ్నలను చీటీల మీద రాసి పంపండి, పేరు రాయనక్కరలేదు. మగవారి వైపు నుంచి వచ్చే చీటీలను మౌల్వీ సాహెబ్ చదువుతారు. ఆడవారి చీటీలకు మేము వెనుక గదిలో కూర్చుని సమాధానం చెబుతాము. డిశ్చార్జి కాగితాలు వెంట తెచ్చుకున్నవారు ముందుగా రండి.